రాతిమిట్ట అక్షరాలకు ఒళ్ళొచ్చిన ప్రయాణం

శనివారం ఉదయం ఆరు గంటలకే గుంటూరు స్టేషనుకు చేరుకున్నాం. నంద్యాల వైపు వెళ్ళే బండి కదలడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. ముందుగా రావడం నా అలవాటు. అది మా వదినకు గిట్టదు.

"బండి ఇంకా పళ్ళు తోముకుంటూ ఉంటుంది సుగుణా" అంది బెంచీ మీద కూలబడుతూ.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య రాజ్యలక్ష్మి. డెబ్భై దాటింది. మోకాళ్ళ నొప్పులున్నాయి కానీ నోటికి ఏ నొప్పీ లేదు. ఒంటరిగా పోవద్దని అన్నయ్య ఆవిడను నాకు తోడిచ్చి పంపాడు. ఎవరు ఎవరికి తోడో తిరిగి వచ్చేదాకా తేలలేదు.

ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. నేను నీటిపారుదల శాఖలో ట్రేసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంజనీర్లు గీసిన పటాన్ని పల్చటి కాగితం మీద సిరాతో తిరగగీసి, ఊళ్ళ పేర్లూ కాలువల పేర్లూ అందంగా రాయడం ట్రేసరు పని. నేను రాసిన పేర్లన్నీ చుట్టలు చుట్టుకుని ఇనప బీరువాల్లోకి పోయాయి. ఆ ఊళ్ళవాళ్ళెవరూ వాటిని చూడలేదు, ఆ ఊళ్ళను నేనూ చూడలేదు. రిటైరయ్యాక మా మేనకోడలి దగ్గర కంప్యూటరులో ఫాంట్లు తయారుచేయడం నేర్చుకున్నాను. శీర్షికలకూ, శుభలేఖలకూ, బోర్డులకూ పనికివచ్చే అలంకారపు అక్షరాలు. వాటికి ఎక్కడెక్కడి పాత రాతలో ఆధారంగా తీసుకుంటాను. మొదటిది తాటాకు రాతను చూసి గీశాను. రెండోది పాత మందు సీసాల మీది చీటీల రాత. మూడోదాని కోసమే ఈ ప్రయాణం.

మూడేళ్ళ కిందట ఒక పెళ్ళికి పోతుంటే కంభం, గిద్దలూరు మధ్య రాతిమిట్ట అనే ఊరి ముందు మా బస్సు టైరు పంక్చరైంది. రోడ్డు పక్కనే క్రైస్తవుల సమాధుల తోట. నల్లటి పలకరాళ్ళ మీద తెల్లటి అక్షరాలు. తలకట్లు చిలక ముక్కుల్లా వంగి ఉన్నాయి, గుడులు గుమ్మడి తీగ కొసల్లా చుట్టుకుని ఉన్నాయి. టైరు మార్చేలోపల పాస్టరుగారి భార్య సువార్తమ్మను అడిగి ఫోటోలు తీసుకున్నాను. ఆ రాళ్ళు చెక్కింది వాళ్ళ ఊరి యోబు తాత అనీ, ఆయన పోయి చాలాకాలమైందనీ, తర్వాత చెక్కినవాళ్ళంతా ఆయన రాతనే పట్టుకున్నారనీ ఆవిడే చెప్పింది. అప్పటినుంచీ ఒక్కొక్క అక్షరమే గీస్తూ వచ్చాను. ఫాంటుకు ఆ ఊరి పేరే పెట్టాను, ఆ సంగతి సువార్తమ్మకు ఫోనులో చెప్పాను కూడా.

పదిరోజుల కిందట సువార్తమ్మ ఫోను. చర్చి గేటు వెడల్పు చేస్తుంటే జేసీబీ తగిలి, చర్చి పేరు చెక్కిన పాత రాయి ముక్కలైందట. దాని బదులు ఆర్చి కడుతున్నారు. "సంఘపెద్ద ప్రభుదాసన్న గిద్దలూరులో బంగారు రంగు ప్లాస్టిక్ అక్షరాలు చూసొచ్చినాడు. ముసలోళ్ళేమో మా రాత మాకు గావాల అంటాండారు. ఆదివారం ఆరాధన అయినాక చేతులెత్తిచ్చి తేలుస్తాం. సోమవారం పొద్దున్నే మేస్త్రీ సిమెంటు పూస్తాడు. నీ అక్షరాలు తీసుకోని రామ్మా."

ఫోను పెట్టేశాక నేను కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఒక ఊరివాళ్ళు తలెత్తి చదివే చోట నా అక్షరం ఉండబోతోంది, వాళ్ళు ఒప్పుకుంటేనే. లేకపోతే ప్లాస్టిక్. చర్చి పేరును కొన్ని సైజుల్లో ప్రింటు తీయించి, అట్ట గొట్టంలో చుట్టి, చంకన పెట్టుకుని బయలుదేరాను.

బండి వేళకే కదిలింది. జనరల్ టికెట్లే తీసుకున్నాం, కిటికీ పక్కన చోటు దొరికింది. వినుకొండ దాటాక పొలాలు పల్చబడి రాళ్ళు చిక్కబడ్డాయి. ఇంట్లో కట్టుకున్న పులిహోర అక్కడే విప్పాం. దొనకొండలో ఒకామె కందికాయల గంపతో ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. గొట్టం వంక చాలాసేపు చూసింది.

"అక్కా, ఆ గొట్టంలో ఏంది?"

"అక్షరాలు" అన్నాను.

"అమ్మతావా?"

"అమ్మడానికి కాదు, చూపించడానికి" అంది వదిన. "పిల్లకు పెళ్ళిచూపులు. రేపు రాతిమిట్టలో."

ఆమె ఏమాత్రం తడబడలేదు. "రాతిమిట్టోళ్ళా? జాగర్త. మా చిన్నమ్మ కూతుర్ని చూసేదానికొచ్చి, ఉప్మా అంతా తిని, పిల్ల సన్నంగుందని లేచిపోయినారు" అని మాకు చెరో గుప్పెడు కందికాయలు పెట్టింది.

పదకొండు దాటాక మార్కాపురం రోడ్డులో దిగాం. స్టేషను నుంచి ఊరికి షేర్ ఆటోలు సులభంగా దొరుకుతాయి, సీటుకు టీ ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు. అయితే మనిషి మీద మనిషి కూర్చోవడానికి సిద్ధపడాలి. నేరుగా గిద్దలూరు దాకా రైల్లోనే పోవచ్చు. పలకల ఊరిని దాటుకుని పలకరాతి అక్షరాల దగ్గరికి పోవడం నాకు మనసొప్పలేదు. ఊరి బయట ఒక పలకల ఫ్యాక్టరీలో అడిగితే లోపలికి రానిచ్చారు. రాతి పొట్టు కుప్పలు కుప్పలుగా ఉంది. ఒకామె నేలమీద కూర్చుని పలకలకు కర్ర చట్రాలు బిగిస్తోంది. నేను ఒక రాతి ముక్కను తీసుకుని గోటితో "అ" గీసి చూశాను.

"పలక కొనేదానికి వచ్చినారా, బళ్ళో చేరేదానికి వచ్చినారా?" అంది ఆమె.

"చేరదామనే వచ్చాం, మా ఇద్దర్నీ ఒకటో తరగతిలో వేసుకో" అంది వదిన. చెరొక పలకా కొనుక్కున్నాం. దారిలో అంగళ్ళ బోర్డులన్నీ చదువుకుంటూ నడిచాను. చెయ్యి తిరిగిన పెయింటరు రాసిన ఒక ఇనప సామాన్ల కొట్టు బోర్డు ముందు నేను మరీ ఎక్కువసేపు నిలబడేసరికి, కొట్టాయన బయటికి వచ్చి ఏం కావాలో చెప్పమన్నాడు. "మీ 'ఇ' బాగుంది" అన్నాను. ఆయన బోర్డు వంక చూసి, నా వంక చూసి, లోపలికి పోయి ఇద్దరికీ మజ్జిగ పంపాడు.

భోజనం బస్టాండు ఎదురు మెస్సులో. కారం తగ్గించమని ముందే చెప్పండి, వాళ్ళు తగ్గించరు గానీ జాలిపడి నెయ్యి ఎక్కువ వేస్తారు. రెండున్నర బస్సులో గిద్దలూరు బయలుదేరాం. కంభం దగ్గర కొండల మధ్య చెరువు తళుక్కుమంది. సాయంత్రానికి గిద్దలూరు బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది. వేడినీళ్ళు అడిగితే బకెట్టుతో ఇస్తారు. ఆ రాత్రి ప్రింట్లు మంచం మీద పరిచి చివరిసారి చూసుకున్నాను. పెళ్ళిచూపుల మాట వదినదే అయినా, కాగితాల మడతలు సాపు చేస్తూ కూర్చున్నది నేను.

ఆదివారం ఉదయం బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీ తిని, ఆటో మాట్లాడుకుని తొమ్మిదిన్నరకు రాతిమిట్ట చేరాం. చర్చి చిన్నది, మనుషులు పెద్ద గొంతులవాళ్ళు. ఆరాధన మధ్యాహ్నం దాకా సాగింది. పాటలకు వదిన తాళం వేస్తూ కూర్చుంది. అది ముగియగానే సువార్తమ్మ మమ్మల్ని ముందుకు పిలిచి నిలబెట్టింది. ఒక గోడకు ప్రభుదాసుగారు తెచ్చిన ప్లాస్టిక్ అక్షరాల నమూనా ఆనించి ఉంది, మెరిసిపోతోంది. ప్రభుదాసుగారు బట్టతల, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు ఉన్న పెద్దమనిషి. రెండో గోడకు నేను నా పెద్ద ప్రింటు అంటించాను.

ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న ఎస్తేరమ్మ అనే ముసలావిడ లేచి దగ్గరికి వచ్చింది. కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏందమ్మా, మా అక్షరాలకు జరమొచ్చిందా? ఇట్ల చిక్కిపోయినాయి!"

చర్చి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాలో లేదో తెలియక నిలబడ్డాను.

"ఒంపులు మనయ్యే, ఒళ్ళు మనది గాదు" అన్నారు వెనకనుంచి ఎవరో. "తిండి పెట్టలా పాపం" అంది ఇంకొకామె. ప్రభుదాసుగారు గొడుగు నేలకు కొట్టి, "అందుకే చెప్పినా, ప్లాస్టిక్కు చిక్కిపోదు" అన్నారు.

నేను నా పని గురించి చెప్పుకోబోయాను. ఫోటోల్లో సున్నం అంచులు దాటి పొంగి ఉంది. మా ఆఫీసులో మొదటిరోజే నేర్పిన సూత్రం ఒకటుంది: గీతను పట్టు, మరకను వదులు. అందుకని ప్రతి ఫోటోనూ పెద్దది చేసి, సున్నాన్ని వదిలేసి, ఉలి దిగిన గాడిని మాత్రమే పట్టుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. అదే చెప్పాను. "ఉలి గీత ఇదే" అన్నాను.

"అవును, ఉలి గీత అదే" అంది ఎస్తేరమ్మ. "ఉలి గీత మాత్రం ఉండేది ఎవురూ లేనోళ్ళకు. మా గుడి పేరు అట్ల రాసినావే తల్లీ!"

అప్పుడు నాకు అర్థం కాలేదు. వాళ్ళు వివరించలేదు కూడా, చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. చర్చి చర్చంతా వెనక నడిచింది. వదిన ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద చేతులేసుకుని ఊరేగింపుగా వచ్చింది.

సమాధుల తోటలో ఎస్తేరమ్మ వాళ్ళ నాయన రాయి చూపించింది. ప్రతి ఏడూ, పోయినవాళ్ళను తలుచుకునే సమాధుల పండుగ ముందురోజు ఇంటివాళ్ళు వచ్చి, తడి సున్నంలో వేలు ముంచి, పేరులోని అక్షరాలన్నీ నింపుతారు. కుంచె వాడరు. వేలే. పెద్దకొడుకు నింపాక చిన్నకొడుకు, తర్వాత కూతుళ్ళు, కోడళ్ళు, మనవలు. ఏటేటా పొరమీద పొర పడి అక్షరం లావవుతుంది. వేలు ఆనించిన చోట బొద్దుగా ఉబ్బుతుంది, ఎత్తిన చోట సన్నబడి తోక వస్తుంది. ఏ రాయి చూసినా పేరు లావును బట్టి ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పేయొచ్చు.

"మా నాయనకు మేం తొమ్మిదిమందిమి. చూడు, ఎట్ల బలిసినాడో!" అంది ఎస్తేరమ్మ. ఆ రాతి మీద "దావీదు" అనే పేరు నిజంగానే మూడు లడ్డూల్లా ఉంది.

"మా మామ చూడండి, ముగ్గురు కోడళ్ళం, ఒకరిమీద ఒకరం పోటీ" అంది మరొకామె. "బతికినన్నాళ్ళు బువ్వ పెట్టలా, ఇప్పుడు సున్నం మేపతాండారు" అన్నాడు ఆమె భర్త. అందుకు ఆమె ఆయనను కొంగుతో కొట్టింది.

నేను రాళ్ళ మధ్య తిరుగుతూ ఒక్కొక్క పేరూ చూస్తున్నాను. మరక అనుకుని మూడేళ్ళపాటు శ్రద్ధగా నేను తుడిచేసింది ఈ ఊరి మనుషులను. సిగ్గుపడవలసిన చోట నాకు పట్టలేని సంతోషం కలిగింది. ఎందుకంటే ఇంతకంటే అందమైన అలంకారం ఏ పాత పుస్తకంలోనూ దొరకదు. పైగా ఎలా గీయాలో చెప్పేవాళ్ళందరూ చుట్టూ ఉన్నారు.

"సువార్తమ్మా, సున్నం ఉందా?" అన్నాను.

"చర్చికి వేసింది అర డ్రమ్ము మిగిలింది."

"ఒక గంట నాకివ్వండి. ఆ తర్వాత చేతులెత్తండి."

ప్రభుదాసుగారు గడియారం చూసుకున్నారు. "గంటే" అన్నారు.

నల్ల టార్పాలిన్ ఒకటి చర్చి ముందు నేలమీద పరిచారు. మార్కాపురంలో కొన్న పలకల్ని పక్కన పెట్టుకుని, నా ప్రింటు చూస్తూ చర్చి పేరును సుద్దతో పెద్దగా గీశాను. ఒక్కొక్క అక్షరం మూరెడు. ఆ తర్వాత ఇంటికొకరు వచ్చి వేలు ముంచి నింపమన్నాను. అంతే, తిరునాళ్ళే! "ఒత్తాల అక్కడ, ఎత్తాల ఇక్కడ" అని ఎస్తేరమ్మ కర్రతో అదిలిస్తోంది. ఒకాయన తన వంతు కాకుండానే రెండోసారి దూరితే పట్టుకున్నారు. వాళ్ళ వేళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పలకల మీద గీసుకున్నాను. చిలక ముక్కులకు దవడలు వచ్చాయి. తీగ కొసలకు మొగ్గలు వచ్చాయి. నేనూ సున్నంలో వేలు ముంచాను. జీవితంలో మొదటిసారి అంచు దాటి రాశాను. ఎంత హాయిగా ఉంటుందో!

చివరికి ఒక సున్న మిగిలింది. అందరూ ప్రభుదాసుగారి వంక చూశారు.

"నాకెందుకు? నాది ప్లాస్టిక్కు" అన్నారాయన.

"ఆ సున్న నీ తల మాదిరే ఉంది, నువ్వే నింపాల" అంది ఎస్తేరమ్మ.

ఆయన భార్య ఆయన చేతిలోని గొడుగు లాక్కుని వీపున ఒక్క తోపు తోసింది. ఆయన వంగి, చాలా జాగ్రత్తగా, నాలుక పక్కకు పెట్టి మరీ నింపారు. నింపి, లేచి దూరం నుంచి చూశారు. మళ్ళీ వచ్చి ఒక పక్క ఇంకొంచెం ఒత్తారు. చేతులెత్తమని అడిగే అవసరం లేకపోయినా సువార్తమ్మ పద్ధతి ప్రకారం అడిగింది. అన్ని చేతులూ లేచాయి, అన్నిటి కొసలూ తెల్లగా ఉన్నాయి. మేస్త్రీ ఒప్పందం కూడా అక్కడే తేలింది. పచ్చి సిమెంటులో యోబు తాత ఉలి గీతను మేస్త్రీ గాడిగా తీస్తాడు. ఆరాక ఊరంతా నింపుతుంది. ఇంక ఏటేటా నింపుతుంది.

"మరి ఆ గోల్డు అక్షరాలు?" అని ఎవరో అడిగారు.

"మీ ఇంటికి పెట్టుకో పెద్దయ్యా, ఆదివారం ఆదివారం మేమే మీ ఇంటికొస్తాం" అన్నారు ఇంకెవరో.

ఈ హడావుడిలో వదిన కనిపించలేదు. వెతికితే సమాధుల తోటలో ఒక మూల రాయి ముందు పీట వేసుకుని, చెంబులో సున్నం పెట్టుకుని, శ్రద్ధగా నింపుతోంది. అక్కడ ఆ ఒక్క రాతి మీద మాత్రమే సన్నటి ఉలి గీతలు. రూతమ్మ అని పేరు.

వెనకే వచ్చిన ఆడవాళ్ళు నోటిమీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో పెద్దమ్మా! ఏం జేసినావు?"

"ఏం, తప్పా? సున్నం మిగిలింది, ఈమె పాపం చిక్కి ఉంది" అంది వదిన.

రూతమ్మ పక్క ఊరి హాస్టల్లో వంట చేసిన మనిషట. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. పండుగకు ఊరివాళ్ళు ఆ రాతి మీద పువ్వులు పెడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. అక్షరంలో వేలు మాత్రం పెట్టరు. అది ఇంటివాళ్ళ హక్కు. వేలు పెట్టినవాళ్ళు చుట్టాలైపోతారు, చుట్టమైతే ఏటేటా రావాలి. ఊరికే మొదలుపెట్టి మానేస్తే చనిపోయినవాళ్ళకు మాట ఇచ్చి తప్పినట్టు.

"తప్పేం గాదు పెద్దమ్మా. ఇంక నువ్వు ఆమె మనిషివి, అంతే" అంది సువార్తమ్మ నవ్వుతూ.

వదిన వేలు గాలిలోనే ఆగిపోయింది. పేరులో ఇంకా సగం మిగిలే ఉంది. నేను ఆవిడ మోకాళ్ళు చూశాను. ఆవిడ రాయి చూసింది. చెంబులో వేలు మళ్ళీ ముంచి, "సుగుణా, నువ్వు కూడా రా. ఒక్కదాన్నే అయితే లావెక్కడానికి చాలా ఏళ్ళు పడుతుంది" అంది.

పక్కన కూర్చుని మిగిలిన సగం నేను నింపాను. తర్వాత సువార్తమ్మ ఇంట్లో కోడికూర, రాగిసంగటి. వదిన శాకాహారి కాబట్టి ఆవిడకు పప్పు, గోంగూర. సాయంత్రానికి గిద్దలూరు చేరి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాం. సున్నం చర్మాన్ని తినేస్తుంది, వెళ్ళేవాళ్ళు నూనె సీసా వెంట ఉంచుకోవాలి.

సోమవారం ఉదయం గిద్దలూరులోనే గుంటూరు బండి ఎక్కాం. పలకలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కొత్త గీతల్ని చూసుకుంటున్నాను. మూడేళ్ళ పని దాదాపు మొదటినుంచీ మళ్ళీ చేయాలి. ఆ మాట తలుచుకుంటే నవ్వొస్తోంది. పాత గీతల్ని పారేయను. వాటిని గాడిగా అడుగున ఉంచి, పైన వేలి రాతను పొరలుగా వేస్తాను. వాడేవాళ్ళు తమ ఇంట్లో మనుషుల్ని బట్టి కావలసినంత లావు ఎంచుకోవచ్చు. దేశంలో ఏ ఫాంటుకైనా ఈ సౌకర్యం ఉందో లేదో నాకు తెలియదు. మార్కాపురం రోడ్డులో సువార్తమ్మ ఫోటో పంపింది. పచ్చి సిమెంటు ఆర్చి మీద గాడులు పడ్డాయి, కింద ప్రభుదాసుగారు సున్నపు బకెట్టుతో, ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానీయకుండా గొడుగు అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు.

వదిన ఫోటో చూసి కళ్ళజోడు తీసింది.

"సుగుణా, రూతమ్మ మనకు ఏమవుతుందంటావు?"

"వయసును బట్టి నీకు అక్క కావచ్చు."

"వద్దు, అక్కలు నాకు చాలామంది ఉన్నారు. వదిన లేదు. నాకు వదిన చెయ్యి."

"అయితే నాకు అక్క అవుతుంది."

"అవనీ, నీకూ అక్క లేదుగా" అంది. పక్కనున్న ప్రయాణికురాలి వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే చెప్పింది: "మా వదినగారి ఊరు నుంచి వస్తున్నాం. రాతిమిట్ట. మంచి వంటమనిషి ఆవిడ."

రాతిమిట్ట చూడదలచినవారు గిద్దలూరులో దిగి ఆటో మాట్లాడుకోండి. సమాధుల పండుగ ముందురోజు వెళ్ళడం మంచిది. తోట అంతా చూడండి, ఫోటోలు తీసుకోండి, ఎవరూ వద్దనరు. సున్నం చెంబు కనబడినా తొందరపడి వేలు మాత్రం ముంచకండి. మూల రాయి దగ్గర మేమిద్దరం ఉంటాం.